మాడ్‌సెక్యూరిటీ ఎక్కించడం, తీసేయడం: కమాండ్ లైన్‌లో, సైట్ ఆగిపోకుండా ఎలా చేయాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో, గుణుపురంలో, సరిహద్దుకు అవతల ఆంధ్రలోని పాతపట్నంలో చిన్న వెబ్‌సైట్లు నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, "అన్నా, మా సైట్ మీద రోజూ ఏటో కొడుతున్నారు, ఏదైనా అడ్డం పెట్టవా?" ట్యూషన్ సెంటర్‌దో, బట్టల కొట్టుదో, సైట్ చిన్నదే కదా ఎవరొస్తారులే అనుకోవద్దు, ఈ దాడులు చేసేవి ఎక్కువగా ప్రోగ్రాములే, అవి ఊరూ పేరూ చూడవు, కనిపించిన ప్రతి తలుపూ తోసి చూస్తాయి. మీ సైట్ అపాచీ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాం మీద నడుస్తుంటే దానికి డబ్బు ఖర్చు లేని మంచి కాపలా మాడ్‌సెక్యూరిటీ. ఐవాన్ రిస్టిచ్ అనే ఆయన 2002లో మొదలుపెట్టాడు, తర్వాత చాలా ఏళ్లు ట్రస్ట్‌వేవ్ కంపెనీ చేతిలో ఉంది, 2024 జనవరి నుంచి ఓవాస్ప్ సంస్థ చూసుకుంటోంది. సైట్‌కి వచ్చే ప్రతి రిక్వెస్ట్‌నీ లోపలికి పంపేముందు విప్పి చూస్తుంది, దేన్ని చెడ్డది అనాలో చెప్పే రూల్స్ మాత్రం కోర్ రూల్ సెట్ అని వేరే ప్యాకేజీలో వస్తాయి.

ఎక్కించడం ఎలాగో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. తీసేయడం ఎలాగో సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ, నాకు దెబ్బ తగిలింది అక్కడే, అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

కమాండ్లన్నీ ఫోన్‌లో చెప్పినట్టు, పలికే మాటల్లోనే రాశాను. మాట్లాడే భాషే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, అలా రాయడం నాకు ఇష్టం కూడా. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులో, నేను పెద్దక్షరం అని చెప్పిన చోట తప్ప అన్నీ చిన్నక్షరాల్లోనే కొట్టండి. ఖాళీ కనిపించిన చోట స్పేస్, అడ్డగీత ఉన్నచోట అడ్డగీత, స్లాష్ ఉన్నచోట స్లాష్. ఈటీసీ అంటే మూడక్షరాలు, వార్ అంటే వీ ఏ ఆర్, కాన్ఫ్ అంటే సీ ఓ ఎన్ ఎఫ్.

ఇదంతా ఉబుంటు, డెబియన్ సర్వర్లకు. అపాచీ కాకుండా ఎన్‌జిన్‌ఎక్స్ వాడేవాళ్లకు దారి వేరు, ఇది పనికిరాదు.

ఎక్కించడం

మన సర్వర్లు మన ఊళ్లో ఉండవు, ముంబైలోనో ఇంకెక్కడో అద్దెకి తీసుకున్నవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇక్కడ కరెంటు రోజుల తరబడి లేదు, ఇంట్లో పెట్టుకున్న మెషీన్ మీద సైట్ నడపడం అప్పుడే మానేశాను. సర్వర్ అక్కడ క్షేమంగానే ఉంటుంది కానీ మన నెట్ నాలుగు చినుకులు పడితే పోతుంది, ప్యాకేజీ సగం ఎక్కుతుండగా లైన్ తెగితే అది ఎటూ కాకుండా ఆగిపోతుంది. కాబట్టి లాగిన్ అయిన వెంటనే టీమక్స్ అని కొట్టి, ఆ తెర లోపలే పనంతా చేయండి. లైన్ తెగినా లోపల పని నడుస్తూనే ఉంటుంది, మళ్లీ లాగిన్ అయ్యి టీమక్స్ అటాచ్ అంటే వదిలిన చోటే ఉంటారు. ఇది తెలియక ఇప్పటికే సగంలో ఆగిపోయినవాళ్లు సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ అని కొట్టండి, మిగిలిన సగం పూర్తి చేస్తుంది.

తర్వాత అపాచీ సెట్టింగులకు ఒక నకలు. ఇది ఒక్క నిమిషం పని, దయచేసి దాటేయకండి.

సుడో సీపీ -ఏ /ఈటీసీ/అపాచీ2 /రూట్/అపాచీ2-పాతది

చివరి పేరు మీ ఇష్టం. ఇప్పుడు ప్యాకేజీ:

సుడో ఏపీటీ అప్‌డేట్
సుడో ఏపీటీ -ఎస్ ఇన్‌స్టాల్ లిబ్‌అపాచీ2-మాడ్-సెక్యూరిటీ2

రెండో దాంట్లో -ఎస్ అంటే ఉత్తుత్తి ఇన్‌స్టాల్, నిజంగా ఏమీ మార్చకుండా ఏమేం చేయబోతోందో మాత్రం చూపిస్తుంది. ఆ జాబితాలో మాడ్‌సెక్యూరిటీ-సీఆర్ఎస్ కూడా కనిపించాలి, రూల్స్ ఉన్న ప్యాకేజీ అదే. ఏదైనా తీసేస్తానని అందులో రాసి ఉంటే ఆగి, ఎందుకో తెలుసుకున్నాకే ముందుకెళ్లండి. బాగుంటే -ఎస్ తీసేసి అదే కమాండ్ మళ్లీ కొట్టండి. అయిపోయాక,

సుడో అపాచీసీటీఎల్ -ఎం

ఇందులో ఎం పెద్దక్షరం. మాడ్యూల్ అంటే అపాచీకి తగిలించే భాగం, వచ్చిన జాబితాలో సెక్యూరిటీ2 మాడ్యూల్ ఉంటే ఎక్కినట్టే. లేకపోతే సుడో ఏ2ఎన్‌మాడ్ సెక్యూరిటీ2 అనండి.

ఎక్కింది కదా అని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. నిజానికి అది ఇంకా ఏ పనీ చేయట్లేదు. ఎందుకంటే /ఈటీసీ/మాడ్‌సెక్యూరిటీ ఫోల్డర్‌లో ఉన్న అసలు సెట్టింగుల ఫైల్ పేరు మాడ్‌సెక్యూరిటీ.కాన్ఫ్-రికమెండెడ్, అపాచీ మాత్రం అక్కడ .కాన్ఫ్ తో ముగిసే పేర్లనే చదువుతుంది, తోక ఉన్నదాన్ని పట్టించుకోదు. ఆ తోక లేకుండా ఒక నకలు తీయాలి:

సుడో సీపీ /ఈటీసీ/మాడ్‌సెక్యూరిటీ/మాడ్‌సెక్యూరిటీ.కాన్ఫ్-రికమెండెడ్ /ఈటీసీ/మాడ్‌సెక్యూరిటీ/మాడ్‌సెక్యూరిటీ.కాన్ఫ్

ఇలా చేత్తో నకలు తీసిన ఫైల్ గురించి ప్యాకేజీకి తెలియదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తీసేసేటప్పుడు పనికొస్తుంది.

నానో అనే ఎడిటర్‌లో ఆ ఫైల్ తెరిస్తే పైనే సెక్‌రూల్‌ఇంజిన్ డిటెక్షన్‌ఓన్లీ అని ఉంటుంది. అంటే చూస్తుంది, రాసుకుంటుంది, ఎవర్నీ ఆపదు. దాన్ని అలాగే ఉంచండి. వెంటనే ఆన్ చేయాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు, కనీసం ఒక వారం ఆగండి. మీ సైట్‌లో మామూలు జనం మామూలుగా చేసే పనుల్లో దేన్ని ఇది దొంగతనం అనుకుంటుందో ఆ వారంలోనే తెలుస్తుంది. ఇక

సుడో అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్

అని కొట్టి, సింటాక్స్ ఓకే అన్న మాట కళ్లారా చూశాకే

సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ అపాచీ2

కొట్టండి. ఈ రెండింటి వరుస ఎప్పుడూ మార్చకండి.

పని చేస్తోందో లేదో చూడాలంటే మనమే ఒక చెడ్డ రిక్వెస్ట్ పంపాలి. మీ సైట్ పేరు తర్వాత స్లాష్, ప్రశ్నగుర్తు, ఎగ్జెక్, ఈక్వల్ గుర్తు, ఆపైన /బిన్/బ్యాష్ పెట్టి, మొత్తాన్ని డబుల్ కోట్స్ మధ్య ఉంచి, కమాండ్ లైన్ నుంచే పేజీ తెప్పించే కర్ల్ -ఐ తో పంపండి. ఎగ్జెక్ అంటే ఈ ఎక్స్ ఈ సీ. ఇప్పుడైతే పేజీ మామూలుగానే వస్తుంది, ఆపొద్దన్నాం కదా. కానీ లాగ్, అంటే అది రాసుకున్న ఫైల్ చూడండి:

సుడో గ్రెప్ మాడ్‌సెక్యూరిటీ /వార్/లాగ్/అపాచీ2/ఎర్రర్.లాగ్

గ్రెప్ తర్వాతి మాటలో ఎం, ఎస్ రెండూ పెద్దక్షరాలు, లేకపోతే ఏమీ దొరకదు. వచ్చే లైన్లు బారుగా, భయపెట్టేలా ఉంటాయి, టెన్షన్ పడొద్దు, వాటిలో మూడే చూడాలి. ఐడీ అని ఒక నంబరు, మెసేజ్‌కి పొట్టిగా ఎంఎస్‌జీ అని ఒక వాక్యం, చివర్లో యూఆర్ఐ అని ఏ పేజీ కోసం వచ్చారో. మనం పంపినదానికి 932160 అన్న ఐడీ కనిపించాలి, సర్వర్‌లో కమాండ్ నడపాలని చూస్తున్నారు అని దానర్థం. 932తో మొదలయ్యేవి ఆ రకం, 941 అయితే పేజీలోకి స్క్రిప్ట్ దూర్చడం, 942 డేటాబేస్ జోలికి పోవడం, 920 రిక్వెస్ట్ తీరే సరిగ్గా లేకపోవడం.

దాని తర్వాత 949110 అని ఇంకో లైన్ ఉంటుంది, కొత్తవాళ్లు తప్పు చేసేది దాని దగ్గరే. ఈ రూల్స్ మార్కులు వేసుకుంటూ పోతాయి, పెద్ద తప్పుకి 5, చిన్నవాటికి 4, 3, 2, మొత్తం 5 చేరితే ఆపేయాలని లెక్క. ఆ మొత్తం చూసి తీర్పు చెప్పే రూల్ 949110. ప్రతిసారీ అదే కనిపిస్తోందని దాన్ని పీకేస్తే కాపలాదారుకి తాళంచెవి ఇచ్చి ఇంటికి పంపినట్టే, తర్వాత ఏదీ ఆగదు. దానికి ముందున్న లైన్ చూడండి, అసలు కారణం అక్కడుంటుంది.

మా దగ్గర ఒక ట్యూషన్ సెంటర్‌లో ఆ వారం గమనిస్తే పట్టుబడింది దొంగలు కాదు, ఆఫీసులో నోటీసులు పెట్టే అమ్మాయి. ఆవిడ వర్డ్‌లో తయారుచేసిన సర్క్యులర్‌ని అలాగే తెచ్చి ఎడిటర్‌లో అతికిస్తుంది, దాంతోపాటు వచ్చే కోడంతా 941 రూల్స్‌కి దాడిలా కనిపించింది. ముందే ఆన్ చేసి ఉంటే ఆ రోజు నుంచీ నోటీసు ఎక్కదు, ఎందుకు ఎక్కట్లేదో ఆవిడకీ తెలియదు. ఇలాంటప్పుడు రూల్ మొత్తం తీయకుండా, ఆ ఒక్క బాక్స్‌ని మాత్రం వదిలేయమని చెప్పవచ్చు. /ఈటీసీ/మాడ్‌సెక్యూరిటీ/సీఆర్ఎస్ లో 999 అంకె ఉన్న ఫైల్ ఒకటుంటుంది, మన సొంత మినహాయింపులు రాసుకోవడానికే దాన్ని పెట్టారు. అందులో సెక్‌రూల్‌అప్‌డేట్‌టార్గెట్‌బైఐడీ అని, స్పేస్ ఇచ్చి రూల్ నంబరు, మళ్లీ స్పేస్ ఇచ్చి కోట్స్ మధ్య ఆశ్చర్యార్థకం, ఆర్గ్స్, కోలన్, ఆ బాక్స్ పేరు. ఆర్గ్స్ నాలుగూ పెద్దక్షరాలే. ముందు మాటలో సెక్, రూల్, అప్‌డేట్, టార్గెట్, బై, ఐడీ ఒక్కోదాని మొదటక్షరం పెద్దది, ఐడీలో డీ చిన్నది.

మనవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సినది ఇంకొకటుంది. ఈ రూల్స్‌కి పారనోయా లెవల్ అని 1 నుంచి 4 వరకు మెట్లు ఉన్నాయి, మామూలుగా 1లో ఉంటుంది. ఎక్కువ భద్రత కదా అని దాన్ని 3కి పెంచారో, 920272 అనే రూల్ లేస్తుంది, ఇంగ్లీషు కీబోర్డు మీది మామూలు అక్షరాలు తప్ప వేరే ఏది కనిపించినా అది మార్కులు వేస్తుంది. మన గజపతి జిల్లాలో, రాయగడలో పిల్లలు ఫారంలో పేరు తెలుగులోనో ఒడియాలోనో రాస్తారు, ఆ అక్షరాలన్నీ దాని కంటికి తప్పే. ఒక అమ్మాయి తన పేరు తన లిపిలో రాసిందని తలుపు వేసేసే కాపలా మనకి అక్కర్లేదు. 1లోనే ఉంచండి.

ఫైళ్ల సైజు సంగతి కూడా. మాడ్‌సెక్యూరిటీ.కాన్ఫ్ లో సెక్‌రిక్వెస్ట్‌బాడీలిమిట్ 13107200 అని ఉంటుంది, అంటే 12.5 ఎంబీ. సర్టిఫికెట్లు ఫోన్‌లో ఫొటో తీసి నాలుగైదు కలిపి పంపితే ఆ గీత దాటుతుంది, ఆన్ చేశాక 413 ఎర్రర్ వస్తుంది. మీ సైట్ అవసరాన్నిబట్టి ముందే పెంచుకోండి.

వారం గడిచి లాగ్‌లో మామూలు జనం పట్టుబడటం ఆగిపోయాక డిటెక్షన్‌ఓన్లీ తీసేసి ఆన్ అని రాయండి, ఓ పెద్దక్షరం. కాన్ఫిగ్‌టెస్ట్, రీస్టార్ట్, మళ్లీ అదే కర్ల్. ఈసారి 403 రావాలి, అంటే ఆపేసిందని.

తీసేయడం

ముందు ఒక ప్రశ్న వేసుకోండి, నిజంగా తీసేయాలా? ఏదో ఒక పేజీ ఆగిపోతోందన్న కోపంతో తీసేస్తున్నట్టయితే డిటెక్షన్‌ఓన్లీకి మార్చి రీస్టార్ట్ చేస్తే చాలు, అర నిమిషంలో అందరికీ దారి తెరుచుకుంటుంది, కారణం నెమ్మదిగా వెతుక్కోవచ్చు. సర్వర్ మారుస్తున్నారు, లేదా వేరే ఫైర్‌వాల్ పెట్టుకున్నారు, అప్పుడు తీసేయండి.

నేను చేసిన తప్పు చెప్తాను. అదే ట్యూషన్ సెంటర్ సర్వర్ మీద నేరుగా ఏపీటీ రిమూవ్ కొట్టాను. తెర మీద ఏవో లైన్లు పరిగెత్తాయి, చదవలేదు. సైట్ తెరిచి చూశాను, బాగానే ఉంది, లాప్‌టాప్ మూసేశాను. మూడు రోజుల తర్వాత రాత్రిపూట కెర్నెల్ అప్‌డేట్ కోసం సర్వర్ రీబూట్ అయింది, అపాచీ లేవలేదు. పొద్దున్న నేను పాతపట్నం బస్‌లో ఉండగా ఫోన్, "అన్నా, సైట్ తెల్లగా వస్తంది, ఈ రోజు అడ్మిషన్లకి ఆఖరి రోజు." నా దగ్గర లాప్‌టాప్ లేదు. ఇంట్లో ఉన్న మా తమ్ముడికి ఫోన్‌లో ఒక్కో అక్షరం చెప్పి కొట్టించాను, మధ్యలో సిగ్నల్ రెండుసార్లు పోయింది. దొరికింది ఒకే ఒక్క లైన్. సైట్ సొంత ఫైల్‌లో, అంటే సైట్స్-అవైలబుల్ ఫోల్డర్‌లో ఉన్నదాంట్లో, ఎప్పుడో ఒక రూల్ వద్దని సెక్‌రూల్‌రిమూవ్‌బైఐడీ అని నేనే రాశాను. మాడ్యూల్ పోయాక ఆ మాటకి అర్థం చెప్పేవాళ్లు లేరు, అపాచీ ఇన్‌వాలిడ్ కమాండ్ అని ఆగిపోయింది. మరి మూడు రోజులు ఎలా నడిచిందంటే, ప్యాకేజీ తీసేటప్పుడు కాన్ఫిగరేషన్ చెడిపోయిందని గమనించి అపాచీని రీస్టార్ట్ చేయకుండా వదిలేస్తుంది, నడుస్తున్నది పాత సెట్టింగులతోనే మెమరీలో నడుస్తూ ఉంటుంది. ఆ సంగతి నేను చదవని ఆ లైన్లలోనే ఉంది.

అందుకే వరుస ఇది. మొదట ప్యాకేజీని ముట్టుకోకుండా మాడ్యూల్‌ని మాత్రం ఆపండి:

సుడో ఏ2డిస్‌మాడ్ సెక్యూరిటీ2
సుడో అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్

ఇంకా రీస్టార్ట్ వద్దు. సైట్ ఇప్పటికీ నడుస్తూనే ఉంది, ఎవరికీ తేడా తెలియదు, మీకు మాత్రం ముందున్న గొయ్యి కనిపిస్తుంది. సింటాక్స్ ఓకే రాకుండా ఎర్రర్ వస్తే ఫైల్ పేరు, లైన్ నంబరు అదే చెప్తుంది. ఒకటి సరిచేశాక ఇంకోటి బయటపడుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి వెతకడం మేలు:

సుడో గ్రెప్ -ఆర్‌ఎన్ సెక్ /ఈటీసీ/అపాచీ2/సైట్స్-ఎనేబుల్డ్

ఇక్కడ అడ్డగీత తర్వాతి ఆర్ పెద్దక్షరం, ఎన్ చిన్నది, సెక్‌లో ఎస్ పెద్దది. ఆర్ చిన్నదైతే ఆ ఫోల్డర్‌లో ఏమీ దొరకదు, ఎందుకంటే అక్కడున్నవి అసలు ఫైళ్లు కావు, సైట్స్-అవైలబుల్ లోని ఫైళ్లకి దారి చూపే లింకులు, చిన్న ఆర్ ఆ లింకుల వెంట వెళ్లదు. ఏమీ దొరకలేదు కాబట్టి ఏమీ లేదనుకుని ముందుకెళ్తే నాకు జరిగిందే జరుగుతుంది. దొరికిన లైన్లు తీసేయండి. తర్వాతెప్పుడైనా మళ్లీ పెట్టే ఆలోచన ఉంటే వాటిని ఇఫ్‌మాడ్యూల్ సెక్యూరిటీ2_మాడ్యూల్ అన్న ట్యాగుల మధ్య ఉంచండి, మాడ్యూల్ ఉంటే చదువుతుంది, లేకపోతే దాటేస్తుంది. నిజానికి సైట్ ఫైల్‌లో ఈ లైన్లు రాసే మొదటి రోజే ఆ ట్యాగులు పెట్టుకోవాలి.

సింటాక్స్ ఓకే వచ్చాక రీస్టార్ట్ చేసి, సైట్ తెరిచి చూసి, ఒక రోజు అలా వదిలేయండి. తొందరేం లేదు. ఏదైనా తేడా వస్తే ఏ2ఎన్‌మాడ్ కొట్టి వెనక్కి రావచ్చు. తర్వాత ప్యాకేజీ:

సుడో ఏపీటీ -ఎస్ పర్జ్ లిబ్‌అపాచీ2-మాడ్-సెక్యూరిటీ2 మాడ్‌సెక్యూరిటీ-సీఆర్ఎస్

రిమూవ్ అంటే ప్రోగ్రాం పోతుంది, సెట్టింగులు ఉండిపోతాయి. పర్జ్ అంటే సెట్టింగులు కూడా పోతాయి. మళ్లీ పెట్టుకునే అవకాశం ఉంటే మొదటిది, లేదంటే రెండోది. పేర్లు పూర్తిగా రాయండి, నక్షత్రం గుర్తు పెట్టి సెక్యూరిటీ అన్నవన్నీ తీసెయ్ అని ఎప్పుడూ అనకండి, ఆ వలలో మనకి కావలసినవీ పడతాయి. జాబితాలో అపాచీ2 పేరు ఉందేమో చూసి, లేకపోతేనే -ఎస్ లేకుండా కొట్టండి. చివర్లో ఆటోరిమూవ్ చేయమని అడుగుతుంది, అది కూడా జాబితా చదివాకే ఒప్పుకోండి, ఎప్పుడో వేరే పనికి పెట్టుకున్నవి కూడా ఒక్కోసారి అందులో వచ్చి కూర్చుంటాయి.

పర్జ్ అయ్యాక /ఈటీసీ/మాడ్‌సెక్యూరిటీ ఫోల్డర్ ఖాళీగా లేదు, అందుకే తీయలేదు అని హెచ్చరిక వస్తుంది. గుర్తుందా, మాడ్‌సెక్యూరిటీ.కాన్ఫ్ ని మనమే నకలు తీశాం, అది తనది కాదు కాబట్టి ప్యాకేజీ ముట్టుకోదు. ముందు ఎల్ఎస్ కొట్టి లోపల ఏముందో చూడండి, ఆ తర్వాత సుడో ఆర్ఎం -ఆర్ /ఈటీసీ/మాడ్‌సెక్యూరిటీ. మొదటి స్లాష్‌కీ ఈటీసీకీ మధ్య పొరపాటున కూడా స్పేస్ పడకూడదు, ఎంటర్ నొక్కేముందు ఒకసారి వేలు పెట్టి చదవండి.

ఇక లాగ్. /వార్/లాగ్/అపాచీ2 లో మాడ్‌సెక్_ఆడిట్.లాగ్ అని ఒక ఫైల్, దాని వెనక 1, 2 అంకెలతో పాతవి ఉంటాయి. పర్జ్ వీటిని తీయదు. అనుమానం వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌లో జనం ఫారంలో నింపినవన్నీ, ఫోన్ నంబర్లు, అడ్రసులు, ఒక్కోసారి పాస్‌వర్డ్‌లు కూడా, అక్కడ మామూలు అక్షరాల్లో పడి ఉంటాయి. సర్వర్ అద్దె మానేసి వేరేవాళ్లకి అప్పగించేటప్పుడు చాలామంది వీటిని మర్చిపోతారు. అవి మన సైట్‌ని నమ్మి పిల్లల తల్లిదండ్రులు రాసిన వివరాలు. ఒక్కటి కూడా మిగలకుండా తీసేయండి.

చివరిగా డీపీకేజీ -ఎల్ కొట్టి, వచ్చిన జాబితాలో ఆ రెండు పేర్లూ వెతకండి, ఇక్కడ ఎల్ చిన్నక్షరమే. లైన్ మొదట్లో ఆర్‌సీ అని ఉంటే ప్రోగ్రాం పోయింది, సెట్టింగులు మిగిలాయి అని అర్థం, ఆ పేరుతో మళ్లీ పర్జ్ చేయండి. పేర్లే కనిపించకపోతే సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ అపాచీ2 అని ఒకసారి, వీలైతే సర్వర్‌నే ఒకసారి రీబూట్ చేసి చూడండి, అదీ పగటిపూట, మీరు లాప్‌టాప్ ముందు ఉన్నప్పుడు, ఏ అడ్మిషన్ల గడువూ లేని రోజున.